పైరగాలి తిరిగిన రాత్రి

పోడంపేట తాత నన్ను ముందుగా తన ఇంటి గడప దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇల్లంతటికీ గడప ఒక్కటే మిగిలింది. దానికి అవతల ఉండాల్సిన నడవ, వంటిల్లు, పెరట్లో మునగచెట్టు ఎప్పుడో నీళ్ళలో కలిసిపోయాయి. ఇవతల సగం కూలిన గోడ, దాని మీద వెలిసిపోయిన నీలం సున్నం, ఆ సున్నంలో తుప్పు పట్టిన మేకు. "కేలండరు తగిలించీవోళ్ళం బాబూ" అన్నాడు, ఆ మేకును బొటనవేలితో రుద్దుతూ. కెరటం గడప దాటి వచ్చి మా కాళ్ళు తడిపి వెనక్కి మళ్ళింది.

అక్కడికి పదడుగుల దూరంలో ఇసుక మీద ఒక జాడ ఉంది. ట్రాక్టరు ఒంటి చక్రం మీద నడిచి వెళ్ళినట్టుంది. నీటి అంచున మొదలై, కూలిన గోడల దాకా పైకి పాకి, అక్కడ గుండ్రంగా తిరిగి మళ్ళీ సముద్రంలోకే దిగిపోయింది. తాత దాన్ని చూసి తల పంకించాడు. "రాత్రి ఇది ఒక్కత్తే వొచ్చింది. ఇంకా పైరగాలి తిరగలేదు కదా. గాలి తిరిగితే సూద్దువు గాని."

పోడంపేట ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉంది, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో. 1936 దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. చేపల వేట మీద బతికే పల్లెల్లో ఈనాటికీ ఇంటి భాష తెలుగే. ఒడియా వాళ్ళు వీళ్ళని నోళియాలంటారు. ఏళ్ళ తరబడి సముద్రం ఒక్కో వీధినీ కోసుకుంటూ పైకి వస్తే ప్రభుత్వం ఊరినే తీసుకెళ్ళి దూరంగా కొత్త కాలనీలో పెట్టింది. పాత ఊరి గోడలు మాత్రం ఒడ్డునే ఉన్నాయి. ఆ గోడల పక్క ఇసుకలోనే, పోడంపేట నుంచి బటేశ్వర్ దాకా ఉన్న ఆ కొద్ది కిలోమీటర్ల తీరంలోనే, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. ప్రపంచం మొత్తం మీద ఇలా గుంపుగా వచ్చే తీరాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మెక్సికో, కోస్టారికా లాంటి చోట్ల కొన్ని, మన దేశంలో ఒడిశాలో గహిర్మఠ, దేవి, ఋషికుల్య.

2025 ఫిబ్రవరిలో విశాఖ నుంచి బయల్దేరేటప్పుడు నా మనసులో ఉన్నది తాబేళ్ళు మాత్రమే. మనుషుల గురించి అంతగా ఆలోచించలేదు.

బయల్దేరే రోజు తెల్లవారుజామున సాగర్‌నగర్ ఒడ్డున అటవీశాఖ వాళ్ళ హేచరీ చూశాను. వలతో చుట్టిన ఒక చిన్న మడి, అందులో వరసగా పాతిన పుల్లలు, ఒక్కో పుల్లకీ తేదీ, గుడ్ల లెక్క రాసిన అట్టముక్క. రాత్రి రెండింటికి లేచి కిలోమీటర్ల కొద్దీ ఒడ్డు వెంట నడిచి, జాడ కనిపెట్టి, గూడు తవ్వి, గుడ్లని సంచిలో పెట్టుకుని తెచ్చే మనుషులున్నారు. వాళ్ళలో ఒకతను ఒక్కో గుడ్డునీ గూట్లో ఉన్నది ఉన్నట్టుగా, పైభాగం పైకే ఉండేలా తీసి పెడుతున్నాడు. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకి పైవైపున అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిల్ల బతకదు. అందుకే ఈ పనంతా తెల్లారేలోపు జరిగిపోవాలి. ఇదంతా ఎందుకు, అక్కడే వదిలేయొచ్చు కదా అన్నాను. అతను మాట్లాడకుండా చెయ్యి చాపి రోడ్డు చూపించాడు. వీధి దీపాలు, టీ బళ్ళు, కుక్కలు, పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళు. అక్కడ వదిలేస్తే ఒక్క గూడూ మిగలదు.

విశాఖ ఒడ్డు గురించి ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. మన తూర్పుతీరంలో ఇసుక ఒకచోట ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి వచ్చే కెరటాలు దాన్ని ఉత్తరానికి నెడుతూ ఉంటాయి. ఆ దారికి అడ్డంగా నీళ్ళలోకి రాతికట్ట కడితే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు ఒడ్డు ఆకలితో మాడుతుంది. విశాఖ పోర్టు ఏటా డ్రెడ్జర్లతో ఇసుక తోడి ఆర్కే బీచ్‌లో పోయించడానికి కారణం ఇదే. నగరానికి డబ్బుంది కాబట్టి ఇసుక కొని తెచ్చినట్టు తెచ్చుకుంటుంది. పోడంపేట లాంటి పల్లెకి ఆ వీలు లేదు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి నలభై దాటాక గానీ తెలియలేదు. మన బళ్ళలో నదుల పేర్లు వల్లె వేయించారు గానీ తీరం నడుస్తుందని ఎవరూ చెప్పలేదు.

దారిలో శ్రీకాకుళం రోడ్డులో దిగి శ్రీకూర్మం వెళ్ళాను. కూర్మావతారానికి మూలవిరాట్టుతో పూజ జరిగే గుడి. స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, గుడికి ముందొకటి వెనకొకటి రెండు ధ్వజస్తంభాలు. ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళు ఆకులు నములుతూ తిరుగుతున్నాయి. అవి నేల తాబేళ్ళు, సముద్రం మొహం ఎరగనివి. భక్తులు వాటికి దణ్ణం పెట్టుకుంటున్నారు. నేనూ పెట్టుకున్నాను. ఆ గుడికి సముద్రం ఎంతో దూరంలో లేదు. చలికాలంలో ఆ ఒడ్డుకీ వలల్లో పడి చచ్చిన తాబేళ్ళు కొట్టుకొస్తాయి. వాటిని చూడ్డానికి గుళ్ళోంచి ఎవరూ వెళ్ళరు. తాబేలు దేవుడని నమ్మడమూ, తాబేలు బతకాలని కోరుకోవడమూ ఇంతకాలం రెండు వేరే పనులుగా ఎలా ఉండిపోయాయో నాకు అర్థం కాలేదు. ఆ పూట మనసు బాగా బరువెక్కింది.

పలాస దాటాక రైలు ఉద్దానంలో నడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తలలు విరిచేసిన కొబ్బరితోటల్లో మొక్కలు మళ్ళీ లేచాయి. ఇచ్ఛాపురం తర్వాత స్టేషను బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా మారతాయి, పెట్టెలో మాటలు మాత్రం బరంపురం దాకా తెలుగులోనే సాగుతాయి. ఆ రాత్రి బరంపురంలో పడుకుని, మర్నాడు గంజాం వెళ్ళే బస్సెక్కి, హుమ్మా ఉప్పుమడుల తెల్లని కుప్పల మీదుగా చూపు సారిస్తూ మొగ చేరాను. తాబేళ్ళ మీద పరిశోధన చేస్తున్న ఒక తెలుగు విద్యార్థి అటవీశాఖ అనుమతి ఇప్పించి, తాతకి అప్పజెప్పాడు. తాత పదహారేళ్ళ వయసు నుంచి తెప్ప మీద వేటకి వెళ్ళినవాడు. ఇప్పుడు సీజన్లో రాత్రి కాపలాకి వెళ్తాడు.

రెండు రోజులు ఏమీ జరగలేదు. సముద్రంలో మాత్రం వాటి తలలు కనిపించేవి. మధ్యాహ్నం ఇసుకతిన్నె మీద నిలబడితే కెరటాలు విరిగే గీతకి అవతల నల్లటి బొటనవేళ్ళలా పైకి లేచి, ఊపిరి పీల్చుకుని మునిగేవి. నవంబరు నుంచే అవి ఇక్కడికి చేరతాయి, ఒడ్డుకి కాస్త దూరంలో జతకడతాయి, తర్వాత ఆడవి ఎదురుచూస్తాయి. ఒంటరిగా ఒకటీ అరా వచ్చి గుడ్లు పెట్టిపోవడం సీజనంతా ఉంటుంది. గుంపంతా కదలాలంటే మాత్రం ఏదో సంకేతం కావాలి. స్పానిష్ వాళ్ళు దీన్ని అరిబాడా అన్నారు, రాక అని ఆ మాటకి అర్థం. ఏ సంకేతంతో అవి ఒకే రాత్రి కదులుతాయో శాస్త్రవేత్తలు గాలినీ, చంద్రుణ్ణీ, పోటుపాట్లనీ లెక్కగడుతూనే ఉన్నారు. తాతకి ఒక్కటే లెక్క. పైరగాలి.

ఋషికుల్యలో ఈ రాక జరుగుతుందని 1994లో భారత వన్యప్రాణి సంస్థకి చెందిన బివాష్ పాండవ్ ప్రపంచానికి చెప్పారు. గహిర్మఠ సంగతి అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1974లో బయటికొచ్చింది. శాస్త్రానికి తెలిసిన తేదీలు అవి. తాత నవ్వాడు, "మా అయ్య సిన్నప్పుడు కూడా వొచ్చీవి" అన్నాడు. ఆ మాటలో గొప్పేమీ లేదు, చెరువు గట్టున ఉన్నవాడు చెరువులో నీళ్ళున్నాయని చెప్పినట్టు చెప్పాడు. అయితే ఆ 1994 వల్ల జరిగిన మేలు తక్కువది కాదు. తెలిసింది కాబట్టే కాపలా వచ్చింది, చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళు సంఘంగా ఏర్పడి ఒడ్డుని కాయడం మొదలైంది. గహిర్మఠలో 1970ల మొదట్లో గుడ్లు ఏరుకోవడానికి ప్రభుత్వమే లైసెన్సులిచ్చేది. పడవల నిండా నింపుకెళ్ళేవారు. 1972 వన్యప్రాణి చట్టంతో రక్షణ మొదలై, 1997లో గహిర్మఠ చుట్టూ సముద్రం అభయారణ్యమైంది.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి గాలి తిరిగింది. నాకు తేడా తెలియలేదు. తాత వల అల్లుతున్న చేతిని ఆపి, మెడ పక్కకి తిప్పి, "ఇదిగో" అన్నాడు. మాఘ పౌర్ణమి వెళ్ళి నాలుగు రోజులు. చంద్రుడు రావడానికి ఇంకా టైముంది. ఎనిమిదింటికి చీకట్లో నడిచి తిన్నె పక్కన కూర్చున్నాం. టార్చి మీద ఎర్ర కాగితం చుట్టించారు. గంటసేపు కెరటాల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మా ముందు ఇసుకలో ఎవరో బరువైన మూట లాగుతున్నట్టు శబ్దం. ఆగింది. పెద్ద నిట్టూర్పు. మళ్ళీ లాగుడు. ఇంకోవైపు ఇంకో నిట్టూర్పు.

తొమ్మిది దాటాక చంద్రుడు నీళ్ళలోంచి లేచాడు. అప్పుడు చూశాను. ఒడ్డంతా గుండ్రాళ్ళు పరిచినట్టుంది, ఆ రాళ్ళన్నీ కదులుతున్నాయి. ఒకదాని మీంచి ఒకటి ఎక్కి దిగుతున్నాయి. డిప్పకి డిప్ప తగిలి కొబ్బరిచిప్పలు కొట్టుకున్నట్టు టకటకమంటోంది. మేం లేవడానికి కూడా లేదు. కాలు తీసి ఎక్కడ పెట్టాలో తెలియదు. తాత నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. అర్ధరాత్రి దాకా అలాగే ఉన్నాం.

నా మోకాలికి మూరెడు దూరంలో ఒక తాబేలు ఆగింది. రెండడుగులకి పైగా ఉన్న డిప్ప, దాని మీద అంటుకున్న నత్తగుల్లలు. ముందు రెక్కలతో పైఇసుక ఎగజిమ్మింది, నా మొహం మీద పడింది. తర్వాత వెనక కాళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. ఒక కాలు లోపలికి పెట్టి, అరచేత్తో పిండి తీసినట్టు ఇసుక తీసి పక్కన పోసి, రెండో కాలు పెట్టి మళ్ళీ అంతే. తను తవ్వేది తనకి కనబడదు. అయినా కుండ ఆకారంలో, పైన మూతి సన్నగా, లోపల వెడల్పుగా, మూరెడు లోతు గొయ్యి తయారైంది. అప్పుడు గుడ్లు పడ్డాయి. రెండేసి, మూడేసి, పింగ్‌పాంగ్ బంతుల్లా, తడిగా. నూటికి అటూ ఇటూ. ఆ కాసేపూ దానికి లోకం తెలియదు. కంటి చివర నీళ్ళు కారుతున్నాయి. ఒంట్లోని ఎక్కువ ఉప్పుని సముద్ర తాబేళ్ళు కంటి దగ్గరి గ్రంథుల్లోంచి బయటికి పంపుతాయి, ఏడుపు కాదు. తెలిసి కూడా నేను చూపు తిప్పుకోలేకపోయాను. గొయ్యి పూడ్చాక అది ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ కిందిడిప్పతో ఇసుకని దబదబా కొట్టింది, దంగుడు వేసినట్టు. చదును చేసి, గుర్తు తెలియకుండా ఇసుక చల్లి, సముద్రం వైపు తిరిగింది. మొత్తం గంట కూడా పట్టలేదు.

అది వెళ్ళిన ఐదు నిమిషాలకి అదే చోట ఇంకొకటి తవ్వింది. ముందు తాబేలు గుడ్లు పెల్లుబికి పైకి వచ్చాయి, పగిలాయి. నేను అప్రయత్నంగా చెయ్యి చాపాను. తాత పట్టుకుని వెనక్కి లాగాడు. "వొద్దు. అదలాగే." చోటు తక్కువ, వచ్చేవి ఎక్కువ. ఈ నష్టం రాకలోనే ఉంది. అందుకే కోస్టారికాలో ఓస్టియోనాల్ అనే ఊరివాళ్ళకి 1980ల నుంచి చట్టబద్ధంగా ఒక వీలు ఉంది. గుంపు వచ్చిన మొదటి గంటల్లో పెట్టిన గుడ్లు, ఎలాగూ తర్వాతివి తవ్వేసేవి, కొన్ని ఏరుకుని అమ్ముకోవచ్చు. దానికి బదులుగా ఒడ్డు శుభ్రం చేయాలి, దొంగల నుంచి కాయాలి, పిల్లల్ని సముద్రం చేర్చాలి. మన దగ్గర గుడ్లు అమ్మాలని నేను అనను, అనలేను. కానీ ఒడ్డు కాసే ఊరికి ఒడ్డు మీద ఒక హక్కు ఉండాలన్న ఆలోచన మనం అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది.

ఆ విడత ముగిసేసరికి ఋషికుల్యలో గుడ్లు పెట్టిన తాబేళ్ళు దాదాపు 7 లక్షలని అటవీశాఖ లెక్క తేల్చింది. అంతకు ముందెన్నడూ అన్ని రాలేదు. దానికి ముందు ఏడాది, 2024లో, ఇక్కడ రాకే లేదు. తిన్నెలు తయారుగా ఉన్నాయి, కాపలా ఉంది, అవి రాలేదు. ఏడు లక్షలని పేపర్లో చదివి సంతోషించేవాళ్ళు పక్కన ఆ సున్నాని కూడా చూడాలి.

సంఖ్య పెద్దదైతే భయం లేదనుకుంటాం. మెక్సికోలోని రాంచో న్యూవో తీరంలో 1947లో హెరెరా అనే ఆయన సరదాగా తీసిన ఫిల్ములో ఒక్క పగటిపూట ఒడ్డు పట్టనన్ని కెంప్స్ రిడ్లీలు కనిపిస్తాయి. ఆలివ్ రిడ్లీకి చెల్లెలు వరస అది. ఆ బొమ్మల నుంచి శాస్త్రవేత్తలు 40 వేల తాబేళ్ళని అంచనా వేశారు. 1985లో సీజనంతా కలిపి అక్కడ దొరికిన గూళ్ళు 702. మధ్యలో గడిచింది ఒక మనిషి నడివయసు. గుడ్ల వేటా, రొయ్యల వలలూ ఆ పని చేశాయి. మెక్సికో 1990లో తాబేళ్ళ వేటని పూర్తిగా నిషేధించాక, పసిఫిక్ వైపున్న ఎస్కోబియా తీరానికి ఆలివ్ రిడ్లీలు మళ్ళీ లక్షల్లో తిరిగొచ్చాయి. కెంప్స్ రిడ్లీ మాత్రం ఇంకా కోలుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున ఒడ్డు వెంట మొగ దాకా నడిచాను. ఇసుక దున్నిన చేనులా ఉంది. రావణాసురుడి మీసాల గడ్డి మధ్య చచ్చిన తాబేళ్ళు పడున్నాయి. పద్నాలుగు దాకా లెక్కపెట్టి మానేశాను. మెడలు ఉబ్బి, కళ్ళు బయటికొచ్చి. ఇది నీళ్ళలో ఊపిరాడక పోయిన చావు. తాబేలు చేప కాదు, గాలి కోసం పైకి రావాలి. ట్రాలర్ వల గంటల తరబడి అడుగున లాగుతుంటే అందులో పడినది పైకి రాలేదు. ఆ ఏడాది జనవరిలోనే చెన్నై చుట్టుపక్కల ఒడ్డున వెయ్యికి పైగా కళేబరాలు తేలాయి.

దీనికి మందు తెలియనిది కాదు. వల గొంతులో వాలుగా ఒక ఇనప చట్రం, దాని పైన ఒక తలుపు. రొయ్య చట్రం సందుల్లోంచి లోపలికి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి తలుపు తోసుకుని బయటపడుతుంది. టెడ్ అంటారు. కొచ్చిలోని సిఫ్ట్ సంస్థ మన వలలకి సరిపోయేలా దాన్ని చేసింది. అమెరికా ఇది లేని దేశాల సముద్రపు రొయ్యలు కొననంటే 1990ల్లో మనం, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో దావా వేశాం. 2019లో మన సముద్రపు రొయ్యకి అమెరికా తలుపు మూసుకుపోయింది. చెరువు రొయ్యకి ఆ బాధ లేదు కాబట్టి ఆంధ్రలో ఇది వార్త కాలేదు. చట్రం వల్ల కొంత వేట జారిపోతుందని బోటు యజమానులు అంటారు, అది నిజమే. ఆ కొంత నష్టాన్ని ప్రభుత్వం భరించి ప్రతి ట్రాలర్‌కీ చట్రం బిగించి, సముద్రంలో తనిఖీ చేయాలి. ఇన్నేళ్ళలో ఇంత చిన్న పని ఎందుకు పూర్తవలేదని అడిగే హక్కు ఆ పద్నాలుగు కళేబరాల ముందు నిలబడిన ఎవరికైనా ఉంటుంది.

నష్టాన్ని ఇప్పుడు భరిస్తున్నది ఇంకొకరు. ఒడిశాలో నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. ఏడు నెలలు. తాత కొడుకుల ఫైబర్ బోటు తిన్నె మీద బోర్లించి ఉంది, దాని నీడలో మేకపిల్లలు పడుకున్నాయి. పరిహారం వస్తుంది, కానీ ఏడు నెలల తిండికి సరిపోదు. "తాబేలు గంగమ్మ బిడ్డ. దాని మీద మాకు కోపం నేదు" అన్నాడు తాత. "పెద్ద బోట్లు రాత్రిపూట దీపాలారిపి లోనకొస్తాయి. ఆళ్ళనొగ్గేసి మమ్మల్ని ఆపుతారు. అదీ కోపం." పెద్దకొడుకు సీజన్లో గుజరాత్ వెళ్ళి వేరావల్‌లో బోటెక్కుతాడు. ఉత్తరాంధ్ర పల్లెల కుర్రాళ్ళు వందల్లో వెళ్ళే దారే.

అప్పుడు తాతకి 03233 గురించి చెప్పాను. 2021 మార్చిలో గహిర్మఠ ఒడ్డున భారత జంతుశాస్త్ర సర్వే వాళ్ళు ఒక ఆడ తాబేలు రెక్కకి ఆ నంబరున్న లోహపు బిళ్ళ తగిలించారు. 2025 జనవరి చివర్లో, అంటే నేను బయల్దేరడానికి కొద్ది వారాల ముందు, అది మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. దాదాపు 3,500 కిలోమీటర్లు, సింహళం చుట్టూ తిరిగో, సందులోంచి దూరో వెళ్ళుండాలి. తూర్పు తాబేళ్ళు వేరు, పడమర తాబేళ్ళు వేరు అనుకునేవాళ్ళకి అది కొత్త సంగతి. తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "గుడ్లెట్టినాక మళ్ళీ ఇటే వొస్తాదా?" తెలీదన్నాను. "మావోడు జూన్‌కొస్తాడు" అన్నాడు.

ఊళ్ళో సరుగుడు తోటల గురించి ఆయన చెప్పింది కూడా రాయాలి. 1999 పెనుతుపాను తర్వాత ఒడిశా తీరమంతా గాలికి అడ్డంగా సరుగుడు నాటారు. ఊళ్ళకి కొంత నీడ, పొయ్యికి కొంత కట్టె. అయితే చాలాచోట్ల అవి కెరటం దగ్గరి దాకా వచ్చేశాయి. వేళ్ళు పట్టిన నేలని తాబేలు తవ్వలేదు, ఆకు రాలి మెత్తబడ్డ చోట గొయ్యి నిలవదు. దేవి మొగ దగ్గర గూళ్ళు తగ్గడానికి ఇదొక కారణమని పరిశోధకులు రాశారు. 2013లో ఫైలిన్ ఇక్కడే, గోపాలపూర్ దగ్గర ఒడ్డు దాటింది. ఆ రాత్రి తాత ఇంటి ముందు పాతిక అడుగుల ఇసుక పోయింది. అదే తుపానుకి మొగ అవతల కొత్త తిన్నె లేచింది. రెండో ఏడు తాబేళ్ళు ఆ కొత్త తిన్నె మీదికే వచ్చాయట. "ఇసక ఎటెల్తే అవి అటు. మమ్మల్నేటి సేస్తారు, మేం ఇల్లు ఎత్తుకెల్లలేం గదా."

ఇంటికొచ్చేశాను గానీ మనసు అక్కడే ఉంది. ఏప్రిల్ మొదటి వారంలో విద్యార్థి ఫోన్ చేశాడు, "అన్నా, ఇసుక కుంగుతోంది." గూట్లో పిల్లలు పెంకు పగలగొట్టుకుని కదిలితే పైన ఇసుక గుంటపడుతుంది. ఒకటి రెండు రాత్రుల్లో బయటికొస్తాయి. ఆ సాయంత్రమే రైలెక్కాను.

నలభై అయిదు, యాభై రోజుల పాటు వాటిని పొదిగింది ఎండ. ఆ ఇసుక వేడే లోపలిది ఆడో మగో కూడా తేలుస్తుంది. దాదాపు 30 డిగ్రీలకి పైన ఉంటే ఆడవి ఎక్కువ, కింద ఉంటే మగవి. ఏటేటా ఎండలు ముదిరితే ఒకనాటికి ఒడ్డున మగపిల్లే పుట్టకపోవచ్చని శాస్త్రవేత్తల దిగులు. నేను వెళ్ళి చూసిన రాత్రి నాకు వాటిలో ఆడా మగా తేడా తెలియలేదు. అగ్గిపెట్టె అంత నల్లటి పిల్లలు, వందలు, తర్వాత వేలు. ఇసుక ఉడుకుతున్న అన్నంలా పొంగింది.

చీకట్లో పుట్టిన పిల్లకి దారి చెప్పేది ముఖ్యంగా వెలుగే. నింగి ఎక్కడ తెల్లగా ఉంటే అక్కడ సముద్రమని నమ్ముతుంది. మనుషులు దీపాలు పెట్టక ముందు ఆ నమ్మకం తప్పలేదు. ఇప్పుడు ఊరి వీధి దీపాలు, రోడ్డు మీద లారీల లైట్లు సముద్రం కంటే వెలుగ్గా ఉంటాయి. అటు పాకినవి తెల్లారేసరికి ఎండకి మాడతాయి, లేదా కాకులూ కుక్కలూ తింటాయి. అందుకే ఒడ్డుకి పైవైపున కిలోమీటర్ల పొడవునా వల కట్టారు. కాలనీలో ఆ రాత్రి అందరూ దీపాలార్పారు. పరీక్షలకి చదువుకునే పిల్లలు కూడా తలుపులు మూసి, కిటికీలకి దుప్పట్లు కట్టారు. ఆ దుప్పట్లు చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

వల వెంట మేం ఇరవై మందిమి పైగా ఉన్నాం. తాత, విద్యార్థి, అటవీశాఖ వాళ్ళు, ఊరి ఆడవాళ్ళు, బళ్ళో పిల్లలు. దారితప్పి వలకి తగిలిన పిల్లల్ని చేత్తో ఏరి బకెట్లలో వేసి, నీటి అంచుకి నాలుగడుగుల ఇవతల దించాలి. నీళ్ళలోనే వదలకూడదు, ఆ కాస్త దూరం అవే నడవాలి. అరచేతిలో పెట్టుకుంటే రెక్కలు ఆగకుండా ఈత కొడుతున్నాయి, నీళ్ళు ఇంకా తగలకుండానే. వెయ్యింట ఒకటి పెద్దదవుతుందంటారు. బతికిన ఆడపిల్ల పది, పదిహేనేళ్ళ తర్వాత గుడ్లు పెట్టడానికి ఈ తీరానికే వస్తుంది, ఈ తీరం అప్పటికి ఉంటే.

పిల్లలు పెద్దగా లెక్కపెడుతున్నారు, సగం తెలుగులో, సగం ఒడియాలో. ఎనిమిది వందల దగ్గర ఇద్దరి లెక్కా కలిసిపోయి తగువైంది. తాత మోకాళ్ళ మీద కూర్చుని వల సందులో చిక్కిన ఒక పిల్ల రెక్కని విడదీస్తున్నాడు. ఎన్నో ఏళ్ళు చేపల్ని వలలోంచి విడదీసిన వేళ్ళు, అదే నేర్పు.

నాలుగున్నరకి తూర్పు తెల్లబడింది. గద్దలు వచ్చేలోపు చివరి విడత దించేశాం. కాలనీ వైపు నుంచి ఒకామె కొంగు నడుముకి దోపుకుని గబగబా నడిచొచ్చింది.

"ఒరే, నా బకిట్టేదిరా? ఐదింటికి కొళాయి వొస్తాది."

కుర్రాడు బకెట్టు బోర్లించి అడుగున తట్టాడు. ఇసుక రాలింది. లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమాడు. ఏమీ లేదని చూసుకుని, తల్లికి ఇచ్చాడు.